రెండు రకాల టైర్లే, తలనొప్పి మాత్రం బోలెడు: అసెట్టో కోర్సా కాంపిటిజియోనెలో వాన

2019లో పూర్తిగా విడుదలైన ఈ కార్ రేసింగ్ గేమ్‌ని నేను ఇంకా తీసేయలేదంటే కారణం వానే. చాలా గేముల్లో వాన అంటే తెర మీద నాలుగు చుక్కలు, కాస్త తగ్గిన గ్రిప్. ఇందులో నీళ్లు ఎక్కడ నిలిచాయో చూసుకుంటూ నడపాలి. మడుగు మీదకి ఎక్కితే చేతిలో స్టీరింగ్ తేలికైపోతుంది. అప్పుడు బ్రేక్ తొక్కామా, ఇక అంతే.

నేను ఎక్కువగా నడిపేది జీటీ3 కార్లు, అంటే స్పోర్ట్స్ కార్ల నుంచి తయారుచేసిన రేసు కార్లు. వాటికి స్లిక్‌లు (పొడి ట్రాక్‌కి గాడుల్లేని టైర్లు), వెట్‌లు (వాన టైర్లు) తప్ప ఎఫ్1 (ఫార్ములా వన్) గేముల్లోలా మధ్యలో, కొద్ది తడికి పనికొచ్చే ఇంటర్మీడియట్ ఉండదు. అసలు టెన్షన్ అక్కడే. సన్నగా జల్లు మొదలైతే స్లిక్‌లతో ఇంకో ల్యాప్ లాగొచ్చా, ఇప్పుడే టైర్లు మార్చుకోవడానికి పిట్‌లోకి దూరాలా? పది నిమిషాల తర్వాత, అరగంట తర్వాత వాన ఎలా ఉంటుందో గేమ్ చూపిస్తుంది. కానీ బెల్జియంలోని స్పా ట్రాక్ ఏడు కిలోమీటర్లు. పిట్ దారి దాటాక మనసు మార్చుకుంటే అంతదూరం పాక్కుంటూ రావాల్సిందే. ఈలోగా స్లిక్‌లు చల్లారి, ప్రెషర్ పడిపోయి, ఉన్న గ్రిప్ కూడా పోతుంది.

వాన తగ్గాక ఇంకో రకం ఇబ్బంది. ఆరుతున్న ట్రాక్ మీద వెట్‌లు కాగిపోతాయి. అప్పుడు స్ట్రెయిట్‌లో కావాలనే కార్లు తిరిగి ఆరిన లైన్ వదిలి తడిగా ఉన్న వైపు నడుపుతాను. వేడెక్కాక వెట్‌లలో గాలి ప్రెషర్ 30 పీఎస్ఐ దగ్గర, స్లిక్‌లలో 26, 27 మధ్య ఉంటే నాకు బాగా కుదిరింది.

2023లో మన హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా-ఈ (ఎలక్ట్రిక్ కార్ల) రేసుకి ఈ గొడవే లేదు. ఎండకీ వానకీ ఒకటే గాడులున్న టైరు. నిజం చెప్పాలంటే, అలా అయితే నాకు ఇంత మజా ఉండేది కాదు.

విసుగు తెప్పించేవీ ఉన్నాయి. ముందు కారు చిమ్మే నీటిలో ఒక్క మానిటర్ మీద ఏమీ కనపడదు. దాన్ని తప్పు పట్టలేను. 2021లో అదే స్పాలో ఎఫ్1 వాళ్లు సేఫ్టీ కారు వెనకాలే కొన్ని ల్యాప్‌లు తిరిగి రేసు ముగించారు. కానీ వాన, చీకటి, నిండా కార్లు కలిస్తే ఫ్రేమ్‌లు పడిపోయి బొమ్మ ఆగిఆగి రావడం మాత్రం గేమ్ లోపమే. సెట్టింగ్స్‌లో కారు వెనక చూపే అద్దాల క్వాలిటీ తగ్గిస్తే కొంత నయం. వైపర్‌కి ముందే ఒక బటన్ పెట్టుకోండి, రేసు మధ్యలో వెతుక్కోలేరు.

హైదరాబాద్‌లో ఆడేవాళ్లకి ఇంకో మాట: యూపీఎస్ తప్పనిసరి. బయట నిజం వాన పడగానే మా వీధిలో కరెంటు పోతుంది, గేములో వాన సంగతి తర్వాత.

కొనాలనుకుంటే సేల్ దాకా ఆగండి. వాన కోసమైతే డీఎల్‌సీలు (విడిగా కొనే అదనపు ప్యాక్‌లు) అక్కర్లేదు, స్పా అసలు గేములోనే ఉంది. గేమ్‌ప్యాడ్‌తో ఆడొచ్చు గానీ, మడుగు మీద స్టీరింగ్ తేలికవడం స్టీరింగ్ వీల్ కంట్రోలర్‌లో తెలిసినట్టు దాంట్లో తెలియదు.