బెర్లిన్‌లో డబ్బు పెట్టి చూడాల్సింది తక్కువే

చెక్‌పాయింట్ చార్లీ, అంటే గోడ ఉన్న రోజుల్లో తూర్పు, పశ్చిమ బెర్లిన్‌ల మధ్య సరిహద్దు దాటే చోటు, దాని దగ్గర ఒక్క యూరో కూడా ఖర్చు పెట్టకండి. ముఖ్యంగా ఈ మాట చెప్పడానికే రాస్తున్నాను. మిగతా బెర్లిన్ మీద నాకు పెద్ద ఫిర్యాదులేమీ లేవు, హోటల్ సంగతి తప్ప.

మేం ఉండేది ఫ్రాంక్‌ఫర్ట్‌లో. 2025లో ఖమ్మం నుంచి మా మామగారు వచ్చారు. రిటైర్డ్ టీచరు, యూనియన్ మనిషి. మాస్కోలో తెలుగులో అచ్చయి వచ్చిన పుస్తకాలు చదువుకుని పెరిగిన తరం ఆయనది. మేం ప్యారిస్, స్విట్జర్లాండ్ అని లిస్టు వేస్తే, "అవన్నీ టీవీలో చూశానమ్మా, నాకు బెర్లిన్ చూపించండి చాలు" అన్నారు. రైల్లో నాలుగు గంటల ప్రయాణం, హాయిగా జరిగిపోయింది.

ఆన్‌లైన్‌లో వాకింగ్ టూర్ బుక్ చేశాం. మనిషికి 24 యూరోలు, ముగ్గురికి 72. యుద్ధం, గోడ, గూఢచారులు, మొత్తం రెండున్నర గంటలు అని రాసుంది. గైడ్ కుర్రాడు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చి, నడిరోడ్డు మీదున్న తెల్లటి చెక్‌పోస్టు గది ముందు నిలబెట్టి ఫొటోలు దిగమన్నాడు. ఆ గది నకలు. అసలుది డాలెమ్‌లోని అలైడ్ మ్యూజియంలో ఉంది, చూడ్డానికి టికెట్ కూడా లేదు. ఆ సంగతి అతను చెప్పలేదు, మా ఆవిడ ఫోన్‌లో చూసి చెప్పింది.

1961 అక్టోబర్ 27న ఇదే రోడ్డు మీద అమెరికా ట్యాంకులు, సోవియట్ ట్యాంకులు పదహారు గంటల పాటు ఎదురెదురుగా నిలబడ్డాయి. అంతకు కొద్ది రోజుల ముందు అలన్ లైట్నర్ అనే అమెరికా దౌత్యాధికారి భార్యతో కలిసి ఆపెరా చూడ్డానికి తూర్పు వైపు వెళ్తుంటే తూర్పు జర్మనీ గార్డులు కాగితాలు అడిగారు. మా ఒప్పందం సోవియట్ వాళ్ళతో, మీకెందుకు చూపించాలి అన్నాడాయన. అక్కడ మొదలైంది ట్యాంకుల దాకా పోయింది. చివరికి అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ, సోవియట్ నేత క్రుశ్చేవ్ తెరవెనక మాట్లాడుకుని వెనక్కి తీయించారు. మామగారు ఈ సంగతే అడిగితే గైడ్ "వన్ మినిట్" అని మమ్మల్ని ఒక గిఫ్టు షాపులోకి తీసుకుపోయాడు. అరగంట అక్కడే.

ప్లాస్టిక్ డబ్బీలో రంగు పూసిన కాంక్రీటు ముక్క, దాంతో పాటు ఒక సర్టిఫికెట్, 12.95 యూరోలు. మామగారు డబ్బీని అటూ ఇటూ తిప్పి చూసి, "1989లో పడగొట్టిన గోడని ఇంకా అమ్ముతున్నారంటే, వెనకాల ఎక్కడో కడుతూనే ఉన్నట్టున్నారు అల్లుడూ" అన్నారు. పక్క కౌంటర్లో పాస్‌పోర్టు మీద తూర్పు జర్మనీ ముద్ర వేస్తామన్నారు, 5 యూరోలట. అసలు పాస్‌పోర్టు మీద మాత్రం పొరపాటున కూడా వేయించుకోకండి, తర్వాత ఇమిగ్రేషన్‌లో తలనొప్పి. గంటన్నరకి టూర్ అయిపోయిందన్నాడు గైడ్. అక్కడికి దగ్గర్లోనే త్సిమ్మర్ వీధిలో పేటర్ ఫెష్టర్ స్మారక స్తంభం ఉంది. 1962 ఆగస్టు 17న గోడ దాటబోతుంటే తూర్పు గార్డులు అతన్ని కాల్చారు. పద్దెనిమిదేళ్ళ పిల్లాడు దాదాపు గంటసేపు రక్తమోడుతూ అక్కడే పడి ఉన్నాడు, రెండు వైపులవాళ్ళూ చూస్తుండగానే. మేం కట్టిన 72 యూరోలలో ఆ స్తంభం లేదు.

కోపంతో అలా నడుచుకుంటూ పోతుంటే దొరికింది అసలు చోటు. లైప్‌జిగర్, విల్‌హెల్మ్ వీధుల మూలన పెద్ద బూడిద రంగు భవనం. ఇప్పుడు ఆర్థిక మంత్రిత్వ శాఖ ఆఫీసు. కట్టించింది హిట్లర్ హయాంలో, ఆయన మంత్రి గోరింగ్ విమానయాన శాఖ కోసం. 1949లో తూర్పు జర్మనీ ప్రకటన జరిగింది ఇందులోనే. 1961 జూన్ 15న "గోడ కట్టే ఉద్దేశం ఎవరికీ లేదు" అని తూర్పు జర్మనీ అధినేత ఉల్‌బ్రిష్ట్ విలేకరులకు చెప్పింది ఇక్కడే. రెండు నెలలు తిరక్కుండా ఆగస్టు 13న కట్టడం మొదలుపెట్టారు. గోడ కూలాక తూర్పు ప్రభుత్వ ఫ్యాక్టరీలను ప్రైవేటుకి అమ్మిన సంస్థ కూర్చుంది కూడా ఇందులోనే. ఆ సంస్థ అధిపతి రోవెడర్‌ని 1991లో ఎవరో కాల్చి చంపారు, భవనానికి ఇప్పుడు ఆయన పేరే.

వరండా గోడ మీద పింగాణీ పలకలతో పొడవాటి బొమ్మ ఉంది, నవ్వుతూ జెండాలు పట్టుకున్న కార్మికులు. దాని ముందు నేల మీద, అద్దం కింద, అంతే పొడవున్న ఫొటో. 1953 జూన్‌లో చేతులు పట్టుకుని నడిచొస్తున్న నిజమైన కార్మికులు. జీతం పెంచకుండా పని కోటా పది శాతం పెంచారని భవన నిర్మాణ కూలీలు సమ్మెకు దిగి నేరుగా ఈ భవనం ముందుకే వచ్చారు. మర్నాడు, జూన్ 17న, సోవియట్ ట్యాంకులు వచ్చాయి. కనీసం 55 మంది పోయారు. మామగారు ఆ ఫొటో చుట్టూ రెండుసార్లు తిరిగి, "కార్మికుల ప్రభుత్వం మీద కార్మికుల సమ్మె" అని నెమ్మదిగా అన్నారు. మేం ఉన్నంతసేపూ ఒక్క టూరిస్టు కూడా అటు రాలేదు.

హోటల్ సంగతి. తూర్పు బెర్లిన్ పాత అపార్ట్‌మెంట్ బ్లాకులో, ఆనాటి వాతావరణం అంటూ అమ్ముతున్నారు. రిసెప్షన్‌లో అప్పటి తూర్పు జర్మనీ నాయకుడు హోనెకర్ పటం, గోధుమ రంగు వాల్‌పేపర్, రాత్రికి 118 యూరోలు. పైన సిటీ ట్యాక్స్ 7.5 శాతం వేరే. లిఫ్ట్ పనిచేయదు, మా గది నాలుగో అంతస్తు, మామగారికి మోకాళ్ళ నొప్పులు. కింద గది ఇవ్వమంటే కౌంటర్లో ఆవిడ తలెత్తకుండానే లేదంది. తాళాల బోర్డు మీద మొదటి అంతస్తు తాళాలు వరసగా వేలాడుతూనే ఉన్నాయి! వేడినీళ్ళు ఉదయం తొమ్మిది దాటితే లేవు. "ఇంత డబ్బు తీసుకుని సోషలిజంలో కష్టాలు మాత్రమే చూపిస్తున్నారు" అన్నారు మామగారు. మా ఆవిడకి అప్పటిదాకా ఉన్న చిరాకంతా ఆ మాటతో పోయింది.

హోయెన్‌షోన్‌హౌసెన్‌లోని స్టాసీ (తూర్పు జర్మనీ రహస్య పోలీసులు) జైలు తప్పకుండా చూడండి. ఎం5 ట్రామ్ ఎక్కి ఫ్రయెన్‌వాల్డర్ వీధి దగ్గర దిగి పది నిమిషాలు నడవాలి. టికెట్ పది యూరోల లోపే, కానీ ఇంగ్లీషు టూర్లు తక్కువ, ముందే బుక్ చేసుకోవాలి. మా గైడ్ ఒకప్పుడు అక్కడ ఖైదీగా ఉన్న పెద్దాయన. అప్పట్లో ఈ ప్రాంతం నగర మ్యాపుల్లో ఖాళీగా ఉండేదట. ఖైదీలు ఒకరినొకరు చూసుకోకుండా వరండాల్లో ఎర్ర, పచ్చ లైట్లు. రాత్రి వెల్లకిలా, చేతులు దుప్పటి పైన పెట్టుకునే పడుకోవాలి. మీ యూనియన్ ఏమీ అడగలేదా అని మామగారు అడిగితే ఆయన నవ్వి, యూనియన్ కూడా పార్టీదే కదా అన్నారు. తర్వాత మామగారు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మధ్యాహ్నం ఆకలితో లిష్టెన్‌బర్గ్‌లోని దోంగ్ సువాన్ వియత్నామీ మార్కెట్‌కి వెళ్ళాం. 1980లో కుదిరిన ఒప్పందం మీద వియత్నాం నుంచి ఫ్యాక్టరీ పనులకు వచ్చినవాళ్ళు గోడ కూలేనాటికి దాదాపు 60 వేల మంది. గర్భం వస్తే తీయించుకోవాలి, లేదా తిరిగి వెళ్ళిపోవాలి అనేవారట అప్పట్లో. ఉద్యోగాలు పోయాక ఉండిపోయినవాళ్ళలో చాలామంది చిన్న చిన్న వ్యాపారాల్లో పడ్డారు. వేడి అన్నం, తులసి వేసిన కోడి కూర, నిజంగా కారంగా ఉన్న పచ్చిమిర్చి ముక్కలు, ప్లేటు 9.50. మామగారు రెండోసారి అన్నం పెట్టించుకున్నారు, దానికి డబ్బు తీసుకోలేదు. ఈ ట్రిప్‌లో తిన్న తిండిలో ఇదే నంబర్ వన్, హోటల్ పక్కన 16 యూరోలు పోసి తిన్న బంగాళాదుంపల ముద్దని తలుచుకోను కూడా తలుచుకోను.

బెర్నావర్ వీధిలో గోడ స్మారకం, హిట్లర్ రహస్య పోలీసులైన గెస్టపో పాత ఆఫీసు స్థలంలోని టోపోగ్రఫీ ఆఫ్ టెర్రర్ రెండూ ఉచితం, రెండూ బాగున్నాయి. సిటీ బస్సులు, రైళ్ళకి 24 గంటల ఏబీ (నగరానికి సరిపోయే జోన్లు) టికెట్ 2025లో 10.60 యూరోలు, ఎక్కేముందు ముద్ర కొట్టించుకోండి, లేకపోతే జరిమానా 60.

చివరి రోజు ట్రెప్టవ్ పార్కు. ఒక చేత్తో పాపని ఎత్తుకుని, విరిగిన స్వస్తిక మీద కత్తి దించి నిలబడ్డ పన్నెండు మీటర్ల సోవియట్ సైనికుడు. చుట్టూ ఏడువేల మంది సైనికుల సమాధులు. రాళ్ళ మీద స్టాలిన్ మాటలు బంగారు అక్షరాల్లో ఇప్పటికీ ఉన్నాయి, సోవియట్‌తో 1990లో చేసుకున్న ఒప్పందం ప్రకారం దీన్ని చూసుకోవాల్సింది జర్మనీయే. మామగారి ముఖం వెలిగిపోయింది. మా ఆవిడ ఊరుకోలేదు. "1939లో హిట్లర్‌తో ఒప్పందం మీద సంతకాలు చేసుకున్నది కూడా ఈ స్టాలినే కదా నాన్నా" అంది. "సంతకం పెట్టింది వీళ్ళు కాదమ్మా" అని సమాధుల వైపు చెయ్యి చూపించారాయన. ఆమె మళ్ళీ ఏదో అంది, ఆయన మళ్ళీ జవాబిచ్చారు. ఈ వాదన ఫ్రాంక్‌ఫర్ట్ దాకా నడిచింది. టికెట్లు చూడ్డానికి వచ్చినాయన రెండుసార్లు అడగాల్సి వచ్చింది.