కృష్ణా ఒడ్డు వజ్రంతో కొన్న ఇంగ్లిష్ ఎస్టేటు: కార్న్‌వాల్‌లో బొకానక్

ఇంగ్లండ్‌లో పాత దొరల భవనం ఒక్కటి చూడాలి, ఏది చూడమంటావని అడిగేవాళ్లకు నేను చెప్పే పేరు ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లోని బొకానక్. దీనికంటే పెద్ద భవనాలు, ఇంతకంటే చక్కగా నడిపే చోట్లు బోలెడన్ని ఉన్నాయి. కానీ ఈ ఎస్టేటు ఏయే కుటుంబాల చేతుల్లోంచి వచ్చిందో తెలుసుకుని వెళ్తే, అక్కడ నడుస్తున్నంతసేపూ గుంటూరు, పల్నాడు గుర్తుకొస్తూనే ఉంటాయి. సత్తెనపల్లి నుంచి వచ్చిన మా నాన్నగారిని తీసుకెళ్లాలనుకున్నది కూడా అందుకే.

లండన్ ప్యాడింగ్టన్‌లో పెన్జాన్స్ వైపు వెళ్లే రైలెక్కితే సుమారు నాలుగు గంటల ప్రయాణం. దగ్గర స్టేషన్ లాస్ట్‌విథియెల్. అన్ని రైళ్లూ అక్కడ ఆగవు, బాడ్మిన్ పార్క్‌వేలో దిగడం తేలిక. లాస్ట్‌విథియెల్ నుంచి బొకానక్ తూర్పుగా ఆరేడు కిలోమీటర్లే అయినా ఆ కాస్త దూరమే ఇబ్బంది. ముందే మాట్లాడుకున్న ట్యాక్సీ రాలేదు, ఫోన్ చేస్తే ఎత్తలేదు. పెద్దవాళ్లతో వెళ్తుంటే కారు అద్దెకు తీసుకోండి. దారులు ఒక్క బండి పట్టేంతే, రెండు పక్కలా మనిషికంటే ఎత్తు పొదల గట్లు. ఎదురుగా ట్రాక్టర్ వస్తే వెనక్కి పోనిచ్చి దారివ్వడం మనవంతే. సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

ఇక అసలు విషయం. 1086 నాటి డూమ్స్‌డే భూముల లెక్కల్లోనే ఈ మేనర్ (దొర ఎస్టేటు) ఉంది. అప్పుడు పైదొర విలియం రాజుకు సవతి తమ్ముడైన మోర్టెయిన్ కౌంట్. తర్వాత కార్మినో కుటుంబం, వాళ్ల తర్వాత కోర్ట్నీలు వచ్చారు. ఎనిమిదో హెన్రీ కాలంలో హెన్రీ కోర్ట్నీ మీద రాజద్రోహం మోపి తల తీశారు, ఆస్తులు పోయాయి. రసెల్ కుటుంబం చేతిలో కొంతకాలం ఉన్నాక 1579లో సర్ విలియం మోహున్ కొన్నాడు. మోహున్‌లు వందేళ్లకు పైగా నిలిచారు. అంతర్యుద్ధంలో 1644 వేసవిలో మొదటి చార్లెస్ రాజు ఇక్కడే మకాం పెట్టి, లాస్ట్‌విథియెల్ దగ్గర పార్లమెంటు సైన్యాన్ని చుట్టుముట్టాడు.

ఆ వంశం ఒక్క పూటలో ముగిసిపోయింది. నాలుగో లార్డ్ మోహున్‌కూ హామిల్టన్ డ్యూక్‌కూ ఒక వారసత్వపు ఆస్తి మీద ఏళ్ల తరబడి వ్యాజ్యం. 1712 నవంబరులో లండన్ హైడ్ పార్క్‌లో కత్తులు దూసుకున్నారు, ఇద్దరూ చనిపోయారు. మోహున్‌కు బిరుదు అందుకునే కొడుకు లేడు. ఎస్టేటు భార్యకు వచ్చింది, ఆమె అమ్మకానికి పెట్టింది.

కొన్నవాడు థామస్ పిట్, 1698 నుంచి 1709 దాకా మద్రాసు గవర్నరు. జీతం ఎంతైనా ఈస్టిండియా కుంపెనీ ఉద్యోగి అంత ఎస్టేటు కొనడం కుదరదు. డబ్బు వజ్రంలోంచి వచ్చింది. గోల్కొండ గనుల్లో దొరికిన 410 క్యారట్ల రాయిని జామ్‌చంద్ అనే వ్యాపారి దగ్గర 48,000 వరహాలకు కొన్నాడు. అంటే అప్పట్లో సుమారు 20,400 పౌండ్లు. అది పల్నాడులోని కొల్లూరు గనిదని ఎక్కువమంది అంటారు, పరిటాల అనేవాళ్లూ ఉన్నారు. గనిలో కూలి ఒకడు కాలు కోసుకుని ఆ గాయంలో రాయి దాచుకుని పారిపోయాడని, ఓడ కెప్టెన్ అతన్ని చంపి కాజేశాడని ఒక కథ పుట్టింది. చివరికి తాను సక్రమంగానే కొన్నానని పిట్ స్వయంగా ప్రమాణం చేసి రాసిపెట్టుకోవాల్సి వచ్చింది. 1702లో కొడుకు రాబర్ట్ దాన్ని ఇంగ్లండ్ చేర్చాడు. సాన పట్టాక 141 క్యారట్లు మిగిలింది. 1717లో ఫ్రాన్స్ రీజెంట్ (బాలరాజు తరఫున పాలించేవాడు) 1,35,000 పౌండ్లకు కొన్నాడు, ఆ రాయి ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం సొత్తు. ఆ సొమ్ములో 54,000 పౌండ్లు పెట్టి పిట్ బొకానక్ తీసుకున్నాడు.

మాకు చూపించినావిడ ఓపికగా, ఇష్టంగా చెప్పారు. వజ్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఇండియా’ అన్న ఒక్క మాటతో దాటేశారు. నాన్నగారు ఆగి, “ఏ ఊరో చెప్పమ్మా ఆవిడకి” అన్నారు. ఆవిడ నోట్‌బుక్ ఇస్తే కొల్లూరు పేరు రాసి, కృష్ణా నది గీసి చూపించాను. పాత ఊరు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉందని నాన్నగారు చెప్పమన్నారు. పదిహేడో శతాబ్దంలో ఆ గని చూసిన ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి టావెర్నియే అక్కడ ఆడా మగా పిల్లలూ కలిపి 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. ఈ భవనంలో ప్రతి యజమాని పేరూ తెలుస్తుంది, ఆ రాయి తవ్విన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. కనీసం ఊరి పేరైనా ఇక్కడ చెప్పాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఆవిడ ఆ కాగితం చింపకుండా దాచుకున్నారు, సంతోషం.

పిట్ మనవడు విలియం పిట్ చిన్నతనంలో కొన్నాళ్లు ఇక్కడ పెరిగి దేశానికి ప్రధాని అయ్యాడు. అతని కొడుకు కూడా ప్రధానే. కుంపెనీ పాలనను బ్రిటిష్ ప్రభుత్వం అదుపులోకి తెచ్చిన 1784 ఇండియా చట్టం ఆ కొడుకుదే. ఎస్టేటు మాత్రం పెద్ద శాఖకు, అంటే లార్డ్ కామెల్‌ఫర్డ్‌లకు దక్కింది. మొదటి కామెల్‌ఫర్డ్‌కు కట్టడాల మీద మోజు, వాస్తుశిల్పి జాన్ సోన్ చేత భవనంలో మార్పులు చేయించాడు. 1771లో మేనమామ లిటిల్టన్ పేరిట నిలబెట్టిన 123 అడుగుల రాతి స్తంభం పాత సైనిక కందకం మధ్యలో ఉంది. కింద నిలబడి తలెత్తితే మెడ నొప్పెడుతుంది, చుట్టూ గడ్డిలో కందకం గట్టు ఇంకా తెలుస్తూనే ఉంది. అతని కొడుకు రెండో కామెల్‌ఫర్డ్ 1804లో పిస్తోళ్ల ద్వంద్వయుద్ధంలో చనిపోయాడు. మోహున్ పోయిన తీరులోనే పిట్‌లూ పోయారు. అక్క ఆన్ వారసురాలైంది. ఆమె భర్త లార్డ్ గ్రెన్‌విల్ ప్రధానిగా ఉండగానే 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించారు. ఆన్ అరవై ఏళ్లు యజమానురాలిగా ఉండి 1864లో కన్నుమూసింది. పిల్లల్లేరు, భర్త మేనల్లుడు ఫోర్టెస్క్యూకు వచ్చింది. ఆ కుటుంబమే ఇప్పటికీ ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలో భవనం దెబ్బతింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికులు ఉన్నారు, తర్వాత ఖాళీగా పడి ఒక భాగం కూల్చేశారు. 2001 నుంచి 2012 దాకా బాగుచేశారు. లోపల గదులు కొత్తగా, శుభ్రంగా ఉన్నాయి. అందుకే పాతదనం ఆశించి వెళ్తే కొంచెం నిరాశే. తోట మాత్రం మేలో చూడాలి, రోడోడెండ్రాన్లు విరగబూసి ఉంటాయి. జింకల పార్కులో ముసలి ఓక్ చెట్ల బెరడంతా నాచులాంటి బూడిదరంగు లైకెన్ పట్టి ఉంది, నాన్నగారు చేత్తో తడిమి చూస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయారు. భవనం పక్కనే చిన్న ఊరి చర్చి.

గుర్తుంచుకోండి, ఇది ప్రైవేటు ఇల్లు. పెళ్లిళ్లకు ఇస్తారు, ఏడాదంతా తెరిచి ఉండదు. తోట వసంతంలో కొన్ని రోజులే, ఇల్లు ముందుగా మాట్లాడుకుంటేనే. తేదీలు ఖాయం చేసుకున్నాకే రైలు టికెట్లు కొనండి.

సదుపాయాల మాటకొస్తే దగ్గర్లోని మరో దొరల భవనం లాన్‌హైడ్రాక్‌తో పోలికే లేదు. అది పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థది. పార్కింగ్, టాయిలెట్లు, క్యాంటీన్ అన్నీ సక్రమంగా ఉన్నాయి. 1620 నుంచి రోబార్ట్స్ కుటుంబానిది, 1881లో కాలిపోతే మళ్లీ కట్టుకున్నారు, 1953లో ట్రస్టుకు ఇచ్చేశారు. వంటిల్లు చూడాల్సిందే. మాంసానికి, పాలకు, రొట్టెలకు వేర్వేరు గదులు, గోడ నిండా రాగి గిన్నెలు. పిల్లలున్నవాళ్లకు ఇదే మంచిది. బాడ్మిన్ పార్క్‌వే నుంచి చెట్ల మధ్య నడిచే దారి కూడా ఉంది. లాస్ట్‌విథియెల్ దగ్గరి రెస్టార్మెల్ కోట గుండ్రటి గోడ అందంగానే ఉంది కానీ గంటకు మించి అక్కడ పనిలేదు, చలికాలం మూసేస్తారు.

బస లాస్ట్‌విథియెల్‌లో పెట్టుకోవడమే నయం. నదీ, పాత రాతి వంతెనా, దుకాణాలూ నడక దూరంలో ఉంటాయి. మేం మొదట దిగిన గెస్ట్‌హౌస్‌లో నిటారు మెట్లు, లిఫ్ట్ లేదు. ఆ సంగతి బుకింగ్‌లో రాయలేదు, అడిగితే సారీ కూడా చెప్పలేదు. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారితో టెన్షన్ పడ్డాం. తర్వాత వంటగది ఉన్న కాటేజీకి మారాక ప్రాణం కుదుటపడింది. బొకానక్ ఎస్టేటులోనూ కాటేజీలు అద్దెకిస్తారు, నాలుగైదుగురు కలిసి వెళ్తే అదే గిట్టుబాటు. బయట శాకాహారం అంటే చీజ్ పాస్టీ (కజ్జికాయ ఆకారంలో కాల్చే పెద్ద పఫ్ లాంటిది), చిప్స్. బియ్యం, కందిపప్పు, పచ్చడి సీసా వెంట తీసుకెళ్లండి. ఆదివారం పెద్ద సూపర్ మార్కెట్లు సాయంత్రం నాలుగుకల్లా మూసేస్తాయి, శనివారమే పాలూ పెరుగూ కొనిపెట్టుకోవాలి.