హనుమకొండ చేతిపనుల మేళాకు అమ్మతో పోతే ఇట్లనే ఉంటది

ఈమధ్య ఒక శని, ఆదివారాలు హనుమకొండలో ఒక ఫంక్షన్ హాల్లో చేతిపనుల మేళా పెట్టారు. సర్కారుది కాదు, పెద్ద కంపెనీ స్పాన్సర్ చేసిందీ కాదు. కొందరు తయారుచేసేవాళ్లే కలిసి హాలు కిరాయికి తీసుకుని, వాట్సాప్‌లో పోస్టర్ తిప్పి పెట్టుకున్నారు. టికెట్ 20 రూపాయలు, పిల్లలకు ఫ్రీ, దాదాపు నలభై స్టాళ్లు. పోస్టర్ మీద పెద్ద అక్షరాలతో "అంతా చేత్తో చేసిందే" అని ఉంది. ఆ మాటలో సగమే నిజం. ఆ సగం కోసమైనా పోవచ్చా అంటే పోవచ్చు, కానీ మా అమ్మ లాంటి మనిషిని వెంట తీసుకుపోవాలి.

అమ్మ పుట్టిల్లు వరంగల్‌లో నేతవాళ్లుండే కొత్తవాడ, తాతది మగ్గం. బడి నుంచి రాగానే నూలు కండెలు చుట్టిన చెయ్యి అది, ఇప్పటికీ బట్ట కనిపిస్తే ముందు వెనక్కి తిప్పుతుంది. రంగు ఎట్లుంది, డిజైన్ ఎట్లుంది అని మనం చూస్తుంటాం, ఆమె అప్పటికే రెండో వైపు చూసి పక్కన పెట్టేసి ఉంటుంది. బట్టల షాపుల్లో ఈ అలవాటుతో నాకు చాలాసార్లు తల కొట్టేసినట్టయింది. ఈ మేళాలో మాత్రం రెండు గంటలు ఆమె వెనకాలే తిరిగి నేనూ నేర్చుకున్నాను.

గేటు దాటగానే మొదటి స్టాలు దుప్పట్లది, "చేనేత" అని బోర్డు. అమ్మ ఒక దుప్పటి కొస పట్టుకుని తిరగేసింది. పైన ముదురు నీలం, కింద వెలిసిపోయినట్టు తెల్లగా ఉంది. "గిది నేసిన డిజైన్ కాదు బిడ్డా, మీదికెల్లి అచ్చేసిండ్రు. పడుగు (నిలువు దారం), పేక (అడ్డం దారం) రంగు నూలైతే ఎనకా ముందూ ఒక్కతీరుగ ఉంటది" అంది, స్టాల్ అబ్బాయికి వినపడేటట్టే. ఆ అబ్బాయి ఏమాత్రం తగ్గకుండా "చేనేత అంటే చేనేత ఫినిష్ అమ్మా" అన్నాడు. ఫినిష్ అట! నవ్వు ఆపుకోలేక పక్క స్టాలుకు జరిగాం.

అసలు సంగతి మూలన ఉంది. మూలన అంటే నిజంగా మూలనే, చేతులు కడిగే నల్లాల పక్కన. కొత్తవాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన కొడుకు జంపఖానాలు పరుచుకుని కూర్చున్నారు. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి పనే అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. ఇక్కడి తివాచీలనైతే 1851లోనే లండన్ గ్రేట్ ఎగ్జిబిషన్‌లో పెట్టారు (ముళ్లు వేసి నేసే ఆ తివాచీలు వేరు, ఈ జంపఖానాలు వేరు, రెండింటినీ కలిపేసి మాట్లాడేవాళ్లు చాలామంది). లండన్‌లో చోటు దొరికిన ఊరి పనికి సొంతూళ్లో దొరికింది నల్లాల పక్కన. ఎదురుగా గేటు దగ్గర మంచి లైట్ల కింద ఉన్నది ఏంటంటే రెసిన్ కీచైన్లు.

"ఏడనక్కా మీది?" అని అడిగాడాయన. "కొత్తవాడనే అన్నా" అంది అమ్మ. ఇక ఇద్దరూ ఏ గల్లీ, ఎవరి పక్కిల్లు, ఎవరి మగ్గం ఎప్పుడు ఆగిపోయింది అని పావుగంట మాట్లాడుకున్నారు. ఆ పావుగంటలో నేను ఒక జంపఖానాను దగ్గరగా చూశాను. మెరూన్ రంగు మీద పసుపు మెట్లు మెట్లుగా డిజైన్. రెండు రంగులు కలిసే చోట వేలు పెట్టి చూస్తే చిన్న గట్టు తగులుతుంది, ఈ రంగు పేక ఆ రంగు పేకను మెలేసుకుని వెనక్కి తిరిగే చోటన్నమాట. పడుగు దారం ఎక్కడా కనిపించదు, పేక దాన్ని అంత గట్టిగా కప్పేసింది. వేళ్లున్న ఇనుప పంజాతో పేకను కొట్టి కొట్టి దగ్గరికి చేస్తేనే అట్లా వస్తుంది. తిరగేస్తే అదే మెరూన్, అదే పసుపు. ఏది ముందో ఏది వెనకో నాకు అర్థం కాలేదు. "రెండు దిక్కులా పరుసుకోవచ్చు, ఒక దిక్కు మాసితే తిప్పేసుడే" అన్నాడు కొడుకు.

ఉత్త గీతలదైతే నాలుగు అడుగులు ఇంటూ ఆరు అడుగులది రెండు రోజుల్లో అయిపోతుందట. మెట్ల డిజైన్ అయితే వారం పడుతుందట, మధ్యలో వేరే పని పడకపోతే. గీతలది 1,100, డిజైన్‌ది 2,800 చెప్పారు. రెండిటికీ మధ్య తేడా చూసి ముందు ఎక్కువనిపించింది, రోజులు లెక్కేసుకుంటే తక్కువే అనిపించింది. అక్కడ ఉన్న సైజులు మా హాలుకు సరిపోలేదు. కొలత రాసుకుని, 500 అడ్వాన్స్ తీసుకుని, రెండు వారాల్లో ఇస్తామన్నారు. రంగులు కూడా మనం చెప్పొచ్చు. ఇంత మంచి సంగతిని వాళ్లు ఎక్కడా బోర్డు మీద రాసుకోలేదు, అడిగితే తప్ప చెప్పడం లేదు. కొడుకుకు ఆ మాటే చెప్పాను. "రాస్తం సార్" అన్నాడు కానీ ఆదివారం సాయంత్రం మళ్లీ పోతే అప్పటికీ రాయలేదు.

పెంబర్తి ఇత్తడి స్టాల్ దగ్గర కూడా అమ్మది అదే పద్ధతి. జనగామ దగ్గరి ఊరే కాబట్టి హైదరాబాద్ రోడ్డు మీద పోయేవాళ్లందరికీ పెంబర్తి పేరు తెలుసు, పని ఎట్లా జరుగుతుందో మాత్రం తెలియదు. ఇత్తడి రేకును కాల్చి మెత్తబరిచి, లక్క మీద ఆనించి, ఉలితో ఒక్కో దెబ్బా కొట్టుకుంటూ బొమ్మను పైకి ఉబ్బిస్తారు. కాబట్టి నిజమైన రేకు పని వెనక ఖాళీగా ఉంటుంది, ఆ గుంటల్లో దెబ్బల గుర్తులు గింజ గింజగా కనిపిస్తాయి. గోడకు తగిలించే నెమలి ఒకటి తిప్పితే అచ్చం అట్లాగే ఉంది, 1,900. పక్కనే బరువైన దీపపు కుందులు ఉన్నాయి, వాటి అడుగు నున్నగా, అచ్చుపోసినట్టు. ఇవీ పెంబర్తివేనా అని అడిగితే స్టాల్ ఆయన ఒక్క సెకను ఆగి, "కాదు, అవి మురాదాబాద్ నుంచి తెచ్చిన మాల్. ఉత్త నెమళ్లు పెట్టుకుని కూసుంటే కిరాయి ఎల్లదు" అన్నాడు. నిజం చెప్పినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. రెండింటినీ వేరువేరు బల్లల మీద పెడితే ఇంకా బాగుండేది.

అంత నిజాయితీ లేని స్టాలూ ఒకటి ఉంది. "ఆదిలాబాద్ డోక్రా" అని బ్యానర్. ఆదిలాబాద్ వైపు ఓజు కళాకారులు చేసే పని అది, దానికీ 2018లోనే జీఐ వచ్చింది. మట్టితో బొమ్మ చేసి, దాని మీద తేనెమైనం దారాల్లా చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి కరిగించిన ఇత్తడి పోస్తారు, చల్లారాక మట్టిని పగలగొడితే బొమ్మ బయటపడుతుంది. అంటే ఒక అచ్చుకు ఒకటే బొమ్మ. అక్కడున్న జింకల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూశాను. ఎడమ చెవి కింద ఒకే చోట ఒకే సైజు బుడిపె, వెనక కాలు మీద ఒకే గీత. కవలల్లో కూడా అంత పోలిక ఉండదు. ఇవి ఎక్కడ చేశారని అడిగితే "ఆదిలాబాద్‌లో", ఆదిలాబాద్‌లో ఏ ఊళ్లో అంటే "సప్లయర్‌కు తెలుసు". సరే మంచిది అని వచ్చేశాం. అవి బాగా లేవని కాదు, ఇంట్లో పెట్టుకుంటే ముచ్చటగానే ఉంటాయి. కానీ ఆ పేరు పెట్టి ఆ ధర అడగడమే నచ్చలేదు.

చేర్యాల మాస్కుల స్టాల్‌లో ఒకమ్మాయి కూర్చుని అక్కడికక్కడే రంగులు వేస్తోంది, జనం ఎక్కువ ఉన్నదీ అక్కడే. పూర్వం చేర్యాల నకాశీ బొమ్మలు, అంటే ఈ తీరు రంగుల చిత్రాలు, గజాల కొద్దీ పొడవైన బట్ట మీద ఉండేవి. కథ చెప్పేవాళ్లు ఊరూరా తిరుగుతూ ఒక్కో భాగం విప్పి చూపిస్తూ కులపురాణం చెప్పేవారు. ఇప్పుడు కథలు వినేవాళ్లు తగ్గారు కాబట్టి ఒక్కో గడిని ఫ్రేము కట్టి అమ్ముతున్నారు. ఎర్రటి నేల, పెద్ద కళ్లు, చూడగానే గుర్తుపడతాం. మాస్కు చేతిలోకి తీసుకుంటే ఆశ్చర్యమేసేంత తేలిక. రంపపు పొట్టులో చింతగింజల బంక కలిపి చేస్తారు మరి. మాస్కు లోపల వైపు ఆ పొట్టు రేణువులు అట్లాగే కనిపిస్తున్నాయి. అమ్మ వాసన చూసి "చింతగింజలే" అని తేల్చేసింది, మాకు వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు. అరచేతిలో పట్టే మాస్కుల జత 450కి తీసుకున్నాం. కింద పడితే పెచ్చు లేస్తుందని, తడిగుడ్డతో తుడవొద్దని ఆ అమ్మాయే ముందుగా చెప్పింది. తన సరుకుకు ఉన్న లోపం తానే చెప్పిన మనిషి ఆ హాల్లో ఆమె ఒక్కతే.

మిగతావి చకచకా చెప్పేస్తాను. క్రోషే బొమ్మలు బాగున్నాయి, ధరలు కూడా పర్లేదు. టెర్రకోట కమ్మలు రెండు మూడు చోట్ల ఒకే తీరువి. సబ్బుల స్టాల్ అమ్మాయిని అడిగితే బేస్ కొనుక్కొచ్చి, కరిగించి, రంగు, వాసన కలిపి అచ్చుల్లో పోస్తానని చెప్పింది. అది తప్పేం కాదు కానీ 180 పెట్టేంత పనీ కాదు. రెసిన్ ట్రేలు, కొవ్వొత్తులు ఆగకుండా దాటేశాం. నిర్మల్ బొమ్మలు ఉంటాయని పోస్టర్‌లో వేశారు, అక్కడ లేవు. అడిగితే చివరి నిమిషంలో రాలేదన్నారు. నిర్మల్ వాళ్లు పొనికి అనే తేలిక కర్రతో చేసే పండ్ల సెట్టు కోసమే మా చెల్లె నాతో డబ్బులు పంపింది, ఆమెకు ఏం చెప్పాలో అర్థం కాలేదు.

ఏర్పాట్ల సంగతి. పార్కింగ్ లేదు, రోడ్డు మీదే పెట్టుకోవాలి. హాల్లో ఫ్యాన్లు సగం తిరగడం లేదు, మధ్యాహ్నం రెండింటికి లోపల ఉడికిపోయాం. అందరి దగ్గరా క్యూఆర్ కోడ్ ఉంది, సిగ్నల్ మాత్రం లేదు. డబ్బు పంపడానికి ప్రతి ఒక్కరూ ఫోన్ పైకెత్తుకుని గేటు దగ్గరికి పరిగెత్తడమే. చేతిలో నగదు పెట్టుకుని పోండి. అన్నిటికన్నా పెద్ద నరకం ఆ స్పీకర్. ఒకాయన మైకు పట్టుకుని లక్కీ డ్రా అని ఆపకుండా అరుస్తున్నాడు, తయారుచేసినవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడదామని వచ్చినవాళ్లకు ఒక్క మాట వినపడితే ఒట్టు. తిండి విషయంలో మాత్రం వంక పెట్టను. బయట ఒక అక్క సర్వపిండి చేస్తోంది. గిన్నెకు అంటుకున్న అంచు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా, పల్లీలు, నువ్వులు పంటికి తగులుతూ ఉంది, 40 రూపాయలు. రెండు తిని, ఒకటి కట్టించుకున్నాం.

బేరం గురించి అమ్మకూ నాకూ దారి పొడుగునా గొడవే. తయారుచేసినవాళ్ల దగ్గర బేరం ఆడొద్దని నేనంటాను. ఆమె మాత్రం జంపఖానాల పెద్దాయనతో కూడా ఆడింది. 2,800ని 2,600 చేయించి, పోయేటప్పుడు కొడుకు చేతిలో 100 పెట్టి "చాయ్ తాగుండ్రి" అంది. ఇదేం లెక్కమ్మా అంటే "అడగకుంటే ఆయనకే బాగనిపియ్యది" అంది. వాళ్ల మధ్య మర్యాద వేరే ఉన్నట్టుంది, నాకు పట్టుబడలేదు.

ఐదుకు మూడు ఇస్తాను. మళ్లీ దసరా ముందు పెడతామంటున్నారు. పెట్టేవాళ్లు ఇది చదివితే ఒక్క పని చేయండి చాలు. ప్రతి స్టాల్ మీద "చేసినవాళ్లే అమ్ముతున్నారు", "తెచ్చి అమ్ముతున్నారు" అని రెండు రంగుల కార్డుల్లో ఏదో ఒకటి తగిలించండి. తెచ్చి అమ్మేవాళ్లను రానివ్వొద్దని అనడం లేదు, వాళ్ల కిరాయి లేకపోతే మీకు హాలు ఖర్చు రాదని తెలుసు. మైకు మాత్రం ఇంట్లో వదిలేసి రండి.

పోయేవాళ్లు శనివారం పొద్దున్నే పోండి, చేసినవాళ్లు తీరిగ్గా మాట్లాడేది అప్పుడే. ఆదివారం సాయంత్రం పోతే ధరలు దిగుతాయి కానీ మంచివి అప్పటికే పోతాయి, నెమలి పోయింది.

జంపఖానా రెండు వారాలన్నది పంతొమ్మిది రోజులకు వచ్చింది, పెద్దాయన కొడుకే బండి మీద తెచ్చిచ్చాడు. అమ్మ తిరగేసి చూసి, ఒక మూలన పేక ముడి పైకి తేలిందని గోటితో నొక్కి లోపలికి తోసింది, అంతే. ఇక అమ్మ వేరే స్టాల్ దగ్గర ఉండగా నేను సొంత తెలివితో కొన్న కలంకారీ బ్యాగు ఒకటుంది, 650. తొలిసారి వానలో తడిస్తే నా తెల్ల చొక్కా మీద దాని పూలన్నీ దిగాయి. ఇప్పుడు అందులో ఉల్లిగడ్డలు పోస్తున్నాం.