పాత క్యామ్రీకి ఊపిరి ఆడాలంటే: పీసీవీ వాల్వ్‌తో నా ఏడేళ్లు

మా ఇంటి ముందు ఇప్పటికీ 1999 క్యామ్రీ ఒకటి నిలబడి ఉంటుంది. 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, 5ఎస్-ఎఫ్ఈ. 2017లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చిన కొత్తలో, 1,28,000 మైళ్లు తిరిగినదాన్ని కొన్నాను. ఇప్పుడు 1,96,000 దాటింది. దీని మీద పెట్టిన ఖర్చులన్నిట్లోకీ నాకు బాగా గిట్టుబాటైంది పది డాలర్లు కూడా లేని ఒక చిన్న వాల్వ్. పాత కారు కొంటున్నామంటే టైమింగ్ బెల్టు చూసుకోమంటారు, గేర్ ఆయిల్ చూసుకోమంటారు. ఇంజిన్ అడుగున చేరే గ్యాస్‌ని మళ్లీ ఇంజిన్‌లోకే పంపే ఈ పీసీవీ (పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్) వాల్వ్ మాట మాత్రం నాకు ఒక్కరూ చెప్పలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

2018 డిసెంబర్‌లో మొదలైంది. పొద్దున కారు తీస్తే కింద మంచు మీద నల్లటి చుక్కలు. బానెట్ ఎత్తిన ప్రతిసారీ ఆయిల్ డిప్‌స్టిక్ అర అంగుళం పైకి లేచి ఉండేది. నేనే సరిగ్గా పెట్టలేదేమో అనుకుని నొక్కేవాణ్ణి, రెండ్రోజులకి మళ్లీ లేచేది. ఎయిర్ ఫిల్టర్ ఒక మూల ఆయిల్‌తో తడిసింది. ప్రతి 900 మైళ్లకీ దాదాపు ఒక క్వార్ట్ (లీటరుకి కొంచెం తక్కువ) ఆయిల్ పొయ్యాల్సి వచ్చేది. దగ్గర్లోని ఒక గ్యారేజ్‌లో చూపిస్తే, వెనక ఆయిల్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి, 1,400 డాలర్లు అవుతుంది, ఇంజిన్ కూడా అరిగిపోయింది కాబట్టి అమ్మేసుకోవడం మేలు అన్నారు.

విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు లారీ ఇంజిన్లు విప్పిన మా బాబాయికి వీడియో కాల్ చేశాను.

"ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి ఆయిల్ మూత తియ్యరా. పొగ కొడుతోందా?"

"కొడుతోంది బాబాయ్. గుప్పుగుప్పుమని వస్తోంది."

"బ్యాక్ కంప్రెషన్‌రా. రింగులు పోయుంటాయి." కాసేపు ఆగాడు. "ఉండుండు. దీనికి బ్రీదర్ పైపు ఎక్కడికి పోతోంది? కిందకి వదిలేశాడా?"

ఫోన్ పట్టుకుని ఆ రబ్బరు పైపు వెంటే చూసుకుంటూ పోయాను. ఇంజిన్ పైన మూతలా ఉండే వాల్వ్ కవర్ మీంచి బయల్దేరి, సిలిండర్లకి గాలి అందించే ఇంటేక్ మానిఫోల్డ్‌లోకి వెళ్లింది.

"అయితే ముందు ఆ దారి మూసుకుపోయిందేమో చూడు. దారి మూసేస్తే కొత్త ఇంజిన్ కూడా ఇలాగే కొడుతుంది."

ఆ ఒక్క మాట నా 1,400 డాలర్లు కాపాడింది. ఏ ఇంజిన్‌లోనైనా పిస్టన్ చుట్టూ ఉండే రింగుల సందుల్లోంచి కొంత గ్యాస్ కిందకి, ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది. బాబాయి బ్యాక్ కంప్రెషన్ అన్నది దీన్నే. అందులో కాలని పెట్రోల్ ఆవిరి ఉంటుంది, నీటి ఆవిరి ఉంటుంది. బాబాయి చేతిలో పెరిగిన పాత లారీలకి ఆ గ్యాస్ ఒక పైపులోంచి తిన్నగా రోడ్డు మీదకి పోయేది. కాబట్టి అక్కడ పొగ గట్టిగా కొడితే రింగులు పోయినట్టే. ఒకప్పుడు కార్లూ అంతే. 1960ల మొదట్లో కాలిఫోర్నియా ఆ గ్యాస్‌ని బయటికి వదలకుండా మళ్లీ ఇంజిన్‌లోకే పంపి కాల్చాలని పట్టుబట్టింది. అప్పటి నుంచి ఆ దారిలో ఈ వాల్వ్ కాపలా కాస్తోంది. ఐడిల్‌లో, అంటే కారు కదలకుండా ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, మానిఫోల్డ్ లాగుడు ఎక్కువ కాబట్టి కొంచెమే వదులుతుంది, కారు లోడ్ మీద ఉన్నప్పుడు ఎక్కువ వదులుతుంది. ఇంకో పైపు ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి మంచి గాలిని లోపలికి ఇస్తుంది. వాల్వ్ మూసుకుపోతే గ్యాస్ పోయే దారి లేక సీళ్లనీ గాస్కెట్లనీ డిప్‌స్టిక్‌నీ తోస్తుంది, ఆ రెండో పైపులోంచి వెనక్కి తన్ని ఎయిర్ ఫిల్టర్ మీద ఆయిల్ కక్కుతుంది. నా కారులో కనిపించినవన్నీ ఇవే.

ఆ శనివారం విప్పాను. వాల్వ్ మన బొటనవేలంత ఉంటుంది, వాల్వ్ కవర్‌కి ఉన్న గ్రోమెట్ అనే రబ్బరు కట్టులో గుచ్చి ఉంటుంది. పైపు లాగగానే పెళుక్కుమని విరిగింది. గ్రోమెట్ ఇంకా ఘోరం. పేరుకే రబ్బరు, గట్టిపడి నల్ల బెల్లం ముక్కలా పెళుసెక్కింది. వాల్వ్‌ని అటూ ఇటూ తిప్పి లాగితే దానితోపాటు సగం ఊడొచ్చింది, మిగతా సగంలో రెండు ముక్కలు కవర్ లోపలికి పడిపోయాయి. టార్చి వేసి, ముక్కు పటకారుతో ముప్పావుగంట కష్టపడి ఏరి తీశాను. ఇప్పుడైతే లాగే ముందు గ్రోమెట్ అంచుని గోటితో నొక్కి చూస్తాను. అది లొంగకపోతే లోపలికి పడకముందే అంచులు పట్టుకుని చిన్న ముక్కలుగా పైకి తీసేస్తాను.

వాల్వ్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే చప్పుడే లేదు. లోపలి పిస్టన్ జిగురులో అంటుకుపోయింది. కొత్తది, కంపెనీ ఒరిజినల్, తెచ్చి బిగించాను. డిప్‌స్టిక్ లేవడం తగ్గింది కానీ ఆయిల్ మూత దగ్గర లాగుడు బలహీనంగానే ఉంది. వారం తర్వాత వాల్వ్ కవరే దించాను. దీనికి నాలుగే నట్లు. కవర్ అడుగున, ఆయిల్ తుంపరలు వాల్వ్‌లోకి పోకుండా ఒక రేకు అడ్డం ఉంటుంది. దాని వెనకంతా తారులా పేరుకుపోయింది. కారుని తప్పుపట్టను. మునుపటి ఓనరు ఆయిల్ మార్చడంలో బద్ధకించినట్టు ఆ మురికే చెప్పింది. కవర్‌ని ఒక రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టి కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, కొత్త గాస్కెట్‌తో బిగించాను.

ఆ తర్వాత అరువు తెచ్చిన గేజ్‌తో కంప్రెషన్ చూస్తే నాలుగు సిలిండర్లూ 165 నుంచి 172 పీఎస్ఐ లోపు ఉన్నాయి. అరిగిపోయిందన్న ఇంజిన్ ఇదే! ఆయిల్ ఖర్చు ఇప్పుడు 2,500 మైళ్లకి ఒక క్వార్ట్. వెనక సీల్ పూర్తిగా ఆరలేదు, కొంచెం తడి ఉంటూనే ఉంది, కానీ నేల మీద చుక్క పడి ఆరేళ్లైంది. ఒకసారి గట్టిపడి పెదవి చెడిన సీల్‌ని ఏ వాల్వూ బాగుచెయ్యదు. ఆ పైన పడే ఒత్తిడిని మాత్రం తీసేస్తుంది.

మధ్యలో రెండు తప్పులు చేశాను. 2020లో సగం ధరకి వస్తోందని ఒక బయటి కంపెనీ వాల్వ్ వేశాను. ఆడిస్తే చక్కగా టకటకలాడింది. బిగించాక ఐడిల్ వేగం 750 నుంచి 950 ఆర్‌పీఎంకి ఎక్కి దిగలేదు. లోపలి స్ప్రింగు ఈ ఇంజిన్‌కి సరిపడేది కాదన్నమాట. చప్పుడు వస్తే అంటుకుపోలేదని మాత్రమే తెలుస్తుంది, సరైన వాల్వ్ అని తెలియదు. నెలకే తీసేసి ఒరిజినల్ వేశాను. రెండోది, పైపు. హార్డ్‌వేర్ కొట్లో దొరికే మామూలు నీళ్ల పైపు ముక్క కోసి వేశాను. ఆయిల్ ఆవిరికి మెత్తబడి ఆరు నెలల్లో లోపలికి చప్పిడైపోయింది, అంటే మళ్లీ దారి మూసుకున్నట్టే. ఆయిల్‌కీ వేడికీ తట్టుకునే పైపు, కుదిరితే ఆ కారుకే పోతపోసిన వంపు పైపు వెయ్యండి. వాల్వ్, గ్రోమెట్, పైపు మూడూ ఒకేసారి మార్చండి.

వాల్వ్‌ని స్ప్రేతో కడిగి మళ్లీ వాడటం నాకు నచ్చదు. రెండుసార్లు చేసి చూశాను. మురికి పోతుంది, నీరసించిన స్ప్రింగు బాగుపడదు. ఇంత తక్కువ ఖరీదు వస్తువు దగ్గర ఆ పొదుపు అనవసరం.

ఇక్కడి చలి సంగతి వేరే చెప్పాలి. నా ఆఫీసు మూడు మైళ్లే. జనవరిలో మైనస్ 15 డిగ్రీల్లో ఆ మూడు మైళ్లకి ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, లోపలి నీటి ఆవిరి బయటికి పోదు. ఆయిల్ మూత తీస్తే అడుగున పసుపుపచ్చటి మీగడ. మొదటిసారి చూసినప్పుడు హెడ్ గాస్కెట్ పోయి కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందని గుండె జారింది. కూలెంట్ తగ్గలేదు, డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంది, కాబట్టి అది కేవలం పేరుకున్న తేమ. వాల్వ్ దారి శుభ్రంగా ఉంచి, వారానికోసారి ఐ-96 హైవే మీద అరగంట పోనిస్తే ఆ మీగడ పోతుంది. వాల్వ్ మూసుకుపోయిన కారుకి ఆ అరగంట కూడా చాలదు. అదే నీళ్లు పైపులో గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో పాత పెట్రోల్ కారు నడిపేవాళ్లకి ఈ మంచు బాధ లేదు, కానీ ట్రాఫిక్‌లో కిలోమీటరు కిలోమీటరుకీ ఆగుతూ పోయే కారులో జిగురు అలాగే పేరుకుంటుంది.

నేను ఏటా అక్టోబర్‌లో, చలి ముదరకముందే చూస్తాను. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి, ఆయిల్ మూత తీసి ఆ రంధ్రం మీద పల్చటి కాగితం పెడతాను. మెల్లగా అతుక్కుంటే బాగున్నట్టు, ఎగిరి పడితే దారి మూసుకుంటున్నట్టు. తర్వాత వాల్వ్‌ని గ్రోమెట్ లోంచి తీసి దాని మూతికి వేలు అడ్డం పెడతాను, లాగుడు గట్టిగా తెలియాలి. విడిగా తీసి చూడాలంటే శుభ్రమైన పైపు తగిలించి, ఇంజిన్ వైపు నుంచి ఊదితే గాలి సులువుగా పోవాలి, మానిఫోల్డ్ వైపు నుంచి ఊదితే కష్టంగా పోవాలి. నోటితో లోపలికి మాత్రం ఎప్పుడూ పీల్చకండి, అందులో ఉండేది పెట్రోల్ మురికి.

ఇప్పుడున్నది నాలుగో వాల్వ్. వాల్వ్ కవర్ పక్కన తెల్ల మార్కర్‌తో తారీఖూ మైళ్లూ రాసి పెట్టుకున్నాను: 12-10-2024, 1,95,400. మొన్న కాగితం పెట్టి బాబాయికి వీడియోలో చూపించాను. కాగితం రంధ్రానికి అతుక్కోగానే, "ఇంకో రెండేళ్లు దీన్ని ముట్టుకోకు, ఆయిల్ మాత్రం టయానికి మార్చు" అన్నాడు.