హాఫ్‌మన్ అక్కచెల్లెళ్ళు: పాత పాటలా, కొత్త పాటలా?

జర్మనీలో ఉంటూ భాషతో పాటు అక్కడి పాటలను కూడా అలవాటు చేసుకుంటున్న మిత్రులు నన్ను తరచూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు: జర్మన్ గాయనులైన అక్కచెల్లెళ్ళు అనీటా, అలెగ్జాండ్రా హాఫ్‌మన్‌లు జానపద ధోరణిలో పాడిన తొలినాటి పాటలు మేలా, ష్లాగర్ అనే తేలికపాటి జర్మన్ పాప్ వైపు మళ్ళిన తరువాతివి మేలా?

ముందుగా ఒక అపోహ తొలగాలి. పాతవి ఊళ్ళలో తరతరాలుగా వచ్చిన పాటలు కావు. జానపదం వేరు, జానపదం తరహాలో రాసినది వేరు అని జర్మన్లే విడదీసి చెబుతారు. ఈ రెండో రకాన్ని వృత్తి రచయితలూ స్వరకర్తలూ టీవీ వేదికల కోసం తయారు చేసేవారు. ఆ వేదికలు కూడా మిగలలేదు. 1986లో మొదలైన గ్రాండ్ ప్రీ డెర్ ఫోల్క్స్‌మ్యూజిక్ పోటీ 2010తో ముగిసింది, 1981 నాటి టీవీ సంగీత కార్యక్రమం ముజికాంటెన్‌స్టాడ్ల్ 2015లో ఆగిపోయింది. ఈలోగా 2013లో గాయని హెలెనే ఫిషర్ పాడిన ‘ఆటెమ్‌లోస్ డుర్ష్ డీ నాఖ్ట్’ నాట్యానికి తగిన ష్లాగర్ ఎంత దూరం వెళ్ళగలదో చూపించింది. కాబట్టి ‘గెష్విస్టర్ హాఫ్‌మన్’, అంటే హాఫ్‌మన్ తోబుట్టువులు అనే పాత పేరు వదిలి సొంత పేర్లను ముందుకు తెచ్చుకున్న ఈ ఇద్దరినీ దారి తప్పారని నిందించడం న్యాయం కాదు.

నా దృష్టిలో తేల్చవలసిన అంశం వాయిద్యం. ఈ అక్కచెల్లెళ్ళు పాటతో సరిపెట్టుకోకుండా అనేక వాయిద్యాలు నేర్చినవారు. పాత తరహా పాటలో అకార్డియన్ తిత్తి చాచినది మళ్ళీ ముడుచుకునేటప్పుడు స్వరం క్షణంపాటు తడబడుతుంది, హార్మోనియం విన్న చెవికి అది వెంటనే పట్టుబడుతుంది. దాని మీద రెండు గొంతులు కొద్ది ఎడంతో జంటగా నడుస్తాయి. కొత్త పాటలో ప్రతి మాత్రకూ ఒక డ్రమ్ము దెబ్బ పడుతుంది. డిస్కోఫాక్స్ అనే జంట నాట్యం ఆడేవారికి అది కావలసిందే, కాని ఆ దెబ్బ కింద చేతితో వాయించినప్పటి ఆ తడబాటు వినబడకుండా పోతుంది. టీవీలో ముందే రికార్డు చేసిన పాటకు పెదవులు కదిపే అలవాటు ఆ రంగమంతటా ఉన్నదే కనుక పాత కాలాన్ని మరీ పూజించనక్కరలేదు. అయినా నా మొగ్గు పాతవాటి వైపే.

భాష నేర్చుకునేవారికి మాత్రం కొత్తవే అనుకూలం: గొంతు ముందుంటుంది, పల్లవి మళ్ళీ మళ్ళీ వస్తుంది, మాటలు తేలిక.

ఇతర జంటలలో విల్డెకర్ హెర్ట్స్‌బూబెన్ సరదాకు చాలు, అన్నదమ్ములైన డీ అమీగోస్ పాటలు ఒకటి వింటే తక్కినవి ఊహకు అందుతాయి. హాఫ్‌మన్‌ల కచేరీ వీడియో దొరికితే, ఏ కాలపు పాటలని చూడకుండా వారి చేతులు దగ్గరగా కనిపించేదాన్ని ఎంచుకోండి.