ఇంటికప్పు మీద సౌర విద్యుత్తు: పీఎం సూర్యఘర్‌పై నా సమీక్ష

మా డాబాపై, ఇళ్లకు సౌర విద్యుత్తు పెట్టించుకోవడానికి కేంద్ర ప్రభుత్వం రాయితీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల సౌర విద్యుత్ వ్యవస్థ పెట్టించుకున్నాక, ఇంటికప్పు మీదికి ఏ పరికరం రావాలో చాలావరకు ప్రభుత్వ నిబంధనలే తేలుస్తున్నాయని నాకు స్పష్టమైంది.

2024 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకంలో మొదటి 2 కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు కలిపి గరిష్ఠంగా 78 వేల రూపాయల రాయితీ వస్తుంది. ఇంటి నుంచి గ్రిడ్‌కు (బయటి విద్యుత్ లైన్లకు) వెళ్లే, అక్కడి నుంచి వచ్చే కరెంటు రెండింటినీ లెక్కించే నెట్ మీటరు బిగించి, తనిఖీ పూర్తయ్యాకే ఆ సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుతుంది. మా విక్రేత పని శుభ్రంగా ఉంది: నీళ్ల ట్యాంకు నీడ పడని చోటు చూసి ఫలకాలు బిగించారు, ఎర్తింగుకు మూడు గుంతలు విడివిడిగా తీయించారు.

రాయితీ కావాలంటే ఎండను కరెంటుగా మార్చే సెల్, అలాంటి సెల్‌లను కూర్చిన ఫలకం రెండూ దేశంలో తయారైనవే కావాలి. వీటినే డీసీఆర్ ప్యానెళ్లంటారు. ధర ఎక్కువే అయినా ఈ షరతును నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను, ఎందుకంటే సెల్‌లు దిగుమతి చేసుకుని ఫలకాలు కూర్చడంలో ముందుకెళ్లిన మన పరిశ్రమ సెల్‌ల తయారీకి దిగాలంటే ఖాయమైన గిరాకీ కనబడాలి.

నన్ను బాధపెట్టేది బ్యాటరీ సంగతి. కరెంటు పోయినప్పుడు లైన్లపై పనిచేసేవారి భద్రత కోసం ఫలకాల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే, గ్రిడ్‌కు కలిపిన మామూలు సోలార్ ఇన్వర్టరు దానంతటదే ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా దాని తెరపై ఉత్పత్తి సున్నా అవుతుంది, ఇంట్లో ఫ్యాను తిరగదు. బ్యాటరీతోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు, లిథియం బ్యాటరీ ఉంటే ఈ ఇబ్బంది తీరుతుంది గానీ, రాయితీని కిలోవాట్లతోనే కొలుస్తున్నందువల్ల బ్యాటరీ ఖర్చంతా ఇంటివారిదే. పైగా పగలు గ్రిడ్‌కు పంపిన యూనిట్లను రాత్రి వాడకంలో తగ్గించే నెట్ మీటరింగ్ ఉన్నంతవరకు, బిల్లు లెక్క చూసుకునేవారికి నిల్వపై డబ్బు పెట్టాలనిపించదు. డిస్కంలకు (విద్యుత్ పంపిణీ సంస్థలకు) కరెంటు బాగా అవసరమయ్యేదేమో పొద్దుగూకాక. సాయంత్రం పంపే యూనిటుకు ఎక్కువ విలువ కడితే ఇళ్లలో బ్యాటరీలు వాటంతటవే పెరుగుతాయని నా నమ్మకం.

నెలకు 300 యూనిట్ల దాకా కాల్చే సొంతింటివారు నిస్సందేహంగా తీసుకోవచ్చు. డబ్బు చెల్లించే ముందు డీసీఆర్ ధ్రువపత్రం అడగండి, ఐదేళ్ల నిర్వహణ బాధ్యతను విక్రేతతో ఒప్పందంలో రాయించుకోండి.