అమీర్‌పేట అప్పుల సెటిల్‌మెంట్ సంస్థలో నాలుగు నెలలు

మూడు క్రెడిట్ కార్డులు, ఒక పర్సనల్ లోను, అన్నయ్య జామీను సంతకంతో తీసుకున్న సహకార సంఘం అప్పు కలిపి నా పేరున 9,40,000 రూపాయల బాకీ ఉన్నప్పుడు, అమీర్‌పేటలోని బ్యాంకులతో బేరమాడి బాకీ తగ్గిస్తామనే ఒక సెటిల్‌మెంట్ సంస్థలో చేరాను. నమోదు రుసుము 12,000 రూపాయలు. బ్యాంకులు మాఫీ చేసే మొత్తంలో 15 శాతం వారి కమీషను, దానిపై జీఎస్టీ అదనం.

మొదటి గంట నిజంగా పనికొచ్చింది. అక్కడి కుర్రాడు నా స్టేట్‌మెంట్లన్నీ బల్ల మీద పరిచి, ఏ అప్పు ఎంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు అన్నది ఒకే కాగితం మీద నా చేతనే రాయించాడు. కార్డు మీద నెలకు మూడున్నర శాతం అంటే ఏడాదికి 42 శాతమని, నేను మినిమమ్ డ్యూ మాత్రమే కడుతూ మరోవైపు నెలనెలా చీటీ పాడకుండా దాచుకుంటున్నానని అప్పుడు కళ్లకు కట్టింది. ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పే నేను ఈ లెక్క ఎన్నడూ వేసుకోలేదు.

ఆ తర్వాత ఇచ్చిన సలహాయే కొంప ముంచింది. కార్డులకు కట్టడం పూర్తిగా ఆపేసి, ఆ డబ్బును వేరే ఖాతాలో జమ చేస్తే బ్యాంకులే దిగివస్తాయన్నారు. మూడు నెలల్లో 1,86,000 ఉన్న ఒక కార్డు బాకీ వడ్డీ, ఆలస్య రుసుము, జీఎస్టీలతో 2,14,000 దాటింది. రాత్రి తొమ్మిదింటికి రికవరీ ఏజెంటు ఫోన్ చేస్తే, "మా లాయరు మాట్లాడతారు మేడమ్" అన్న సంస్థవారు ఈమెయిల్‌లో ఒక అచ్చు ఉత్తరం పంపి ఊరుకున్నారు. ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత వసూలు ఫోన్లు చేయరాదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే ఆదేశించిందని, బ్యాంకుకు రాసిన ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వ్ బ్యాంకు అధికారి అయిన అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా వెళ్లవచ్చని వారు ఒక్కసారి కూడా చెప్పలేదు. సెటిల్‌మెంట్ కుదిరినా క్రెడిట్ రిపోర్టులో "క్లోజ్డ్" అని కాక "సెటిల్డ్" అని, అంటే పూర్తిగా కట్టలేదన్న గుర్తుగా, ఏళ్ల తరబడి ఉంటుందన్న మాటా దాచారు.

చివరికి "ఏదీ కుదరకపోతే ఐపీ పెట్టేద్దాం, అన్నీ పోతాయి" అన్నారు. ఐపీ అంటే దివాలా పిటిషన్. మనలో "ఐపీ పెట్టాడు" అంటే ఊరు విడిచి పోయాడన్నంత అర్థం కాబట్టి భయపడి, పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు న్యాయసేవాధికార సంస్థకు వెళ్లాను. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. 2016 దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం, కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారికి మాత్రమే 2019 డిసెంబరు నుంచి అమలవుతోందని, నాలాంటి వారి ఐపీ ఇంకా 1920 నాటి చట్టం కిందనే నడుస్తుందని అక్కడి న్యాయవాది ఓపికగా వివరించారు. కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే ఆస్తి కోర్టు నియమించిన రిసీవరు చేతికి వెళుతుంది. మంగళసూత్రం, వంటపాత్రలు, కట్టుబట్టల వంటివి మినహాయింపు. అంతకుముందు రెండేళ్లలో సరైన ప్రతిఫలం లేకుండా ఇతరుల పేరున రాసిన ఆస్తిని కోర్టు వెనక్కి లాగవచ్చు. అప్పుల నుంచి విడుదల కోసం మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, నాకు విడుదల దొరికినా జామీనుదారుకు దొరకదు. అంటే నా ఐపీ భారం అన్నయ్య నెత్తిన పడేది.

మరుసటి వారమే చీటీ పాట పాడి, వచ్చిన సొమ్ముతో పెద్ద కార్డు తీర్చాను. మిగతా రెండు కార్డుల బాకీని బ్యాంకులు తక్కువ వడ్డీతో 24 నెలల వాయిదాలుగా మార్చాయి. అందుకు కావలసింది నేనే రాసిన ఒక దరఖాస్తు, మూడు నెలల జీతం స్లిప్పులు.

సంస్థ నా 12,000 తిరిగి ఇవ్వనన్నది. చేరాలనుకునేవారు మొదటి గంటకే వెళ్లి, కాగితం రాయించుకుని, సంతకం పెట్టకుండా లేచి రావచ్చు. ఆ గంటకు వారు రుసుము అడగరు.